మహలనోబిస్: అంతరానికి కొలబద్ద

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. భౌతికశాస్త్రం అభ్యసించడానికి కేంబ్రిడ్జి వెళ్లి, 1915లో తిరిగివస్తూ ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటాలను కొని ఓడలో చదివారు. సాంఖ్యక శాస్త్రం వారిని ఆకర్షించినది ఆ ప్రయాణంలోనే.

1920లో జంతుశాస్త్రవేత్త అన్నండేల్, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల దేహపు కొలతలను పరిశీలించమని వారిని కోరారు. రెండు జనవర్గాల నడుమ అంతరమెంత? ఇందుకు ఇంగ్లండులో కార్ల్ పియర్సన్ రూపొందించిన ‘జాతి సాదృశ్య గుణకం’ వాడుకలో ఉండేది. అందలి చిక్కును మహలనోబిస్ పసిగట్టారు. అంతరం ఏ మాత్రం మారకున్నా, కొలిచిన మనుషుల సంఖ్య పెరిగితే ఆ గుణకం పెరుగుతుంది. అంతరం కలదా అన్నది ఒక ప్రశ్న; ఎంత కలదన్నది వేరొక ప్రశ్న. 1927లో లండనులో పియర్సన్ ప్రయోగశాలలో కొన్ని నెలలు గడిపినా ఏకాభిప్రాయం కుదరలేదు. పియర్సన్ తన పత్రికలో వేసుకొనని ఆ వ్యాసం 1930లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. అంతటి పండితుని కాదనడం సామాన్య విషయమా!

1936లో వారి ‘డి-స్క్వేర్’ పూర్ణరూపం పొందింది. వర్గాల మధ్య అంతరాన్ని, వర్గంలోపలి సహజ వైవిధ్యంతో పోల్చి చెప్పడం దాని కీలకం. కొలతల పరస్పర సంబంధాన్ని కూడా అది లెక్కలోకి తీసుకొంటుంది.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణిత ఎం.ఏ. పూర్తిచేసిన మన సి.ఆర్. రావు, 1941లో మహలనోబిస్ నెలకొల్పిన భారత సాంఖ్యక సంస్థలో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో బయటపడిన ప్రాచీన అస్థికల కొలతలను ఈ డి-స్క్వేర్‌తోనే విశ్లేషించారు.

మహలనోబిస్ 1972 జూన్ 28న మరణించారు. వారు లేవనెత్తిన ప్రశ్న నేటి మిశ్రమ ప్రభావ ప్రతిగమనంలో మరింత జటిలమైంది. అక్కడ వైవిధ్యం ఒక అంతస్తులో ఉండదు. 1913 నుండి చెరకు పరిశోధన సాగుతున్న మన అనకాపల్లిలో, రెండు రకాల చెరకును అనేక పొలాలలో నాటి పోల్చామనుకుందాం. దిగుబడిలో తేడా ఎకరాకు 6 టన్నులు. ఒకే పొలంలో మడికీ మడికీ క్రమ విచలనం 4, పొలానికీ పొలానికీ 3. వర్గాలను కూడి మూలం తీస్తే మొత్తం విచలనం 5. కనుక 4తో భాగిస్తే ప్రభావ పరిమాణం 1.5, 5తో భాగిస్తే 1.2. దేనితో భాగించారో చెప్పని వ్యాసం నా దృష్టిలో అసంపూర్ణమే. ఒకే పొలంలోని మళ్లను పోల్చే పరిశోధకునికి మొదటిది సరిపోతుంది. ఏ పొలమో ముందు తెలియకుండా రకాన్ని సిఫారసు చేసే అధికారికి కావలసినది రెండవది.