జారే చక్రానికి పగ్గం వేసిన మనిషి

వరి మడి దమ్ము చేస్తుండగా ఒకసారి మా ట్రాక్టరు దిగబడింది. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది. గట్టి నేల మీదున్న రెండోది మాత్రం కదలనంటోంది. నాన్న క్లచ్ నొక్కి, చక్రం ఆగాక, మడమతో డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కారు. ఈసారి రెండు చక్రాలూ కలిసి తిరిగాయి, బండి బయటపడింది. ఇంజను బలం పనికిరాని చక్రం దగ్గర ఎందుకు వృథా అవుతుందా అని వెతకబోతే నాకు ఫెర్డినాండ్ పోర్షే జీవితం తారసపడింది.

ఆయన 1875 సెప్టెంబరు 3న బొహీమియాలోని మాఫర్స్‌డార్ఫ్‌లో పుట్టాడు. అది ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. తండ్రిది రేకుల పని. కుర్రవాడు పగలు ఆ పని చేస్తూ, రాత్రిపూట సాంకేతిక పాఠశాలకి వెళ్లేవాడు. యూనివర్సిటీ డిగ్రీ అంటూ లేదు. అలాంటివాడికి 1917లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1900లో పారిస్ ప్రదర్శనకి వచ్చిన లోనర్-పోర్షే కారులో ముందు చక్రాల కుంభాల్లోనే విద్యుత్ మోటార్లు అమర్చాడు. ఏ చక్రం మోటారు దానిదే గనక డిఫరెన్షియల్‌తో పనే లేకపోయింది. తమాషా ఏమిటంటే, ముప్పై ఏళ్ల తర్వాత ఆ డిఫరెన్షియలే ఆయన్ని ఏడిపించింది.

ఆటో యూనియన్ వారి కోసం ఆయన గీసిన పందెం కారుకి 16 సిలిండర్లు. ఇంజను డ్రైవరు వెనకాల ఉంటుంది. అప్పటి నిబంధన ప్రకారం బండి బరువు 750 కిలోలు మించకూడదు. 1934లో బలం సుమారు 295 అశ్వశక్తి. 1936 నాటికి 520 దాకా పెరిగింది. మలుపులో బరువంతా బయటి చక్రం మీదకి ఒరుగుతుంది, లోపలి చక్రం తేలికైపోతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానమైన టార్క్‌నే ఇస్తుంది. పట్టులేని చక్రం ఎంత తక్కువ తీసుకుంటే రెండోదానికీ అంతే దక్కుతుంది. మా మడిలో జరిగిందీ ఇదే. గంటకి 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఆ కారు చక్రం ఒకటి జారి తిరిగేదట.

పోనీ, ట్రాక్టరులాగ లాక్ చేసేస్తే? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండిటినీ కట్టేస్తే టైర్లు అరిగిపోతాయి, బండి తిరగనని మొరాయిస్తుంది. లాక్ తిన్నటి దారికీ, బురదకీ సరిపోతుంది గాని పందేనికి పనికిరాదు. అందుకని 1935లో పోర్షే జెడ్.ఎఫ్. కంపెనీకి మధ్యేమార్గం అప్పగించాడు. వాళ్లు కామ్‌ల మధ్య జారే చిన్న దిమ్మెలు పెట్టారు. చక్రాల వేగాల్లో తేడా వచ్చినప్పుడు ఆ రాపిడి వల్ల నెమ్మదిగా తిరిగే చక్రానికి ఎక్కువ బలం చేరుతుంది. అయినా మలుపు తిరిగేందుకు కావలసిన తేడా ఉండనే ఉంటుంది. అదే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. 1936లో బెర్న్డ్ రోజ్‌మేయర్ ఆటో యూనియన్ కారు మీదే యూరప్ ఛాంపియన్ అయ్యాడు.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం అందంగానే ఉండేది. కాని ఆ పందెం కార్లకి హిట్లర్ ప్రభుత్వం డబ్బిచ్చింది. పోర్షే 1937లో నాజీ పార్టీలో చేరాడు. యుద్ధకాలంలో ట్యాంకులు రూపొందించాడు. ఆయన పెద్దరికంలో నడిచిన ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీలో యుద్ధఖైదీల చేత, నిర్బంధ శిబిరాల వాళ్ల చేత బలవంతాన పని చేయించారు. 1945 డిసెంబరులో ఫ్రెంచివారు ఆయన్ని అరెస్టు చేసి, విచారణ లేకుండానే సుమారు 20 నెలలు ఉంచి, 1947 ఆగస్టులో వదిలారు. 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు.

ఆయన్ని మెచ్చుకోవాలా, వద్దా? నాకు రెండూ ఒక్కసారే అనిపిస్తున్నాయి. చక్రం దగ్గర వృథా అయ్యే బలాన్ని అంత నిశితంగా కనిపెట్టిన కన్ను, ఫ్యాక్టరీలో మనుషుల్ని చూడలేదంటే నమ్మలేను. చూసి ఊరుకున్నాడనే అనుకుంటాను. రేపు మనమూ ఎక్కడో ఉద్యోగాల్లో చేరతాం. మిత్రులారా, మనం చేసే లెక్క సరిపోయిందా అని మాష్టారు అడుగుతారు. అది ఎవరికోసం చేశామో అడిగేవాళ్లు ఉండకపోవచ్చు. అది మాత్రం మనకి మనమే అడుక్కోవాలి.