జేతవనాన్ని సంఘానికి వదిలిన అనాథపిండికుడు



సుదత్తుడు అంటే మనవాళ్లలో చాలామందికి తెలియదు. అనాథపిండికుడు అంటే వెంటనే గుర్తుపడతారు. దిక్కులేనివాళ్లకు అన్నం పెట్టేవాడు అని ఆ మాటకు అర్థం. తల్లిదండ్రులు పెట్టిన పేరు పక్కకుపోయి జనం పెట్టిన పేరే నిలిచింది. ఆయన కోసల రాజధాని సావత్థిలో పెద్ద వర్తకుడు. బాబాసాహెబ్ తన బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథంలో దాతల భాగంలో ఈయన గురించి రాశారు. ఒక కోటీశ్వరుడి కథ మనకెందుకని అడిగే తమ్ముళ్లున్నారు. అడగాల్సిందే. ఆయన కొన్న నేల చివరికి ఎవరిదైందో చూస్తే జవాబు దొరుకుతుంది.

వ్యాపారం పనిమీద ఆయన ఒకసారి రాజగహ వెళ్లాడు. అక్కడ బావమరిది ఇంట్లో దిగడం అలవాటు. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించే బావమరిది ఆ రోజు పట్టించుకోలేదు. పనివాళ్లకు వంటల పురమాయింపులో మునిగిపోయి ఉన్నాడు. పెళ్లా, రాజుగారు విందుకొస్తున్నారా అని అడిగితే, రేపు బుద్ధుడు భిక్ఖుసంఘంతో భోజనానికి వస్తున్నాడని చెప్పాడు. బుద్ధుడు అన్న మాట నిజమేనా అని సుదత్తుడు మూడుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారిందనుకుని మూడుసార్లు లేచాడు. చివరికి చీకట్లోనే ఊరు దాటి శ్మశానం పక్కనున్న సీతవనానికి నడిచాడు. ఆరుబయట పచార్లు చేస్తున్న బుద్ధుడు ఆయన్ని సుదత్తా అని సొంత పేరుతో పిలిచాడు. అక్కడే ఉపాసకుడయ్యాడు, సావత్థికి రమ్మని ఆహ్వానించాడు. తథాగతులకు నిశ్శబ్దమైన చోటు ఇష్టమన్న సంగతి మనసులో పెట్టుకుని తిరుగు ప్రయాణమయ్యాడు.

ఊరికి మరీ దగ్గర కాకూడదు, మరీ దూరం కాకూడదు. జనం వచ్చిపోవడానికి వీలుండాలి. పగలు రద్దీ, రాత్రి అలికిడి ఉండకూడదు. ఇన్నీ కుదిరిన చోటు రాకుమారుడు జేతుడి తోట ఒక్కటే. అమ్మమని అడిగితే, కోటి నాణేలు నేలంతా పరిచినా ఇవ్వనన్నాడు జేతుడు. మాట తప్పించుకోవడానికే అన్నాడు. సుదత్తుడు దాన్నే ధరగా పట్టుకుని తోట కొన్నట్టే అన్నాడు. తగాదా న్యాయాధికారుల దగ్గరికి పోయింది. ధర నోటితో చెప్పాక బేరం కుదిరినట్టేనని వాళ్లు తీర్పిచ్చారు. రాజకుటుంబం మనిషి మీద ఒక వర్తకుడికి అనుకూలంగా తీర్పు రావడం, ఆ కాలంలో, చిన్న విషయం కాదు.

బండ్ల మీద బంగారు నాణేలొచ్చాయి. అంచుకు అంచు ఆనించి పరిచారు. మొదట తెచ్చినవి అయిపోయేసరికి వాకిలి దగ్గర కొంచెం నేల మిగిలింది. ఇంకా తెమ్మని మనుషుల్ని పంపబోతుంటే జేతుడి మనసు మారింది. ఆ మిగిలిన చోటు తన దానంగా ఉండనిమ్మని అడిగి అక్కడ ద్వారమండపం కట్టించాడు. పాలి సుత్తాల్లో ఆ చోటును ఎప్పుడూ ఇద్దరి పేర్లతోనే చెబుతారు, జేతవనంలోని అనాథపిండికుడి ఆరామం అని. చైనా బౌద్ధ గ్రంథాల్లో చెట్లు జేతుడివి, తోట అనాథపిండికుడిది అని అర్థమొచ్చేలా పేరుంది. భార్హుత్ స్తూపం రాతి మీద ఈ కథంతా చెక్కారు: ఎడ్లు విప్పిన బండి, పలకల్లాంటి చదరపు నాణేలు, మధ్యలో చెట్లు. ఆ శిల్పం ఇప్పుడు కలకత్తా మ్యూజియంలో ఉంది. నేల మీద నాణేలు పరిచారు గానీ చెట్లు నరకలేదని గమనించండి. మనం విహారానికి స్థలం దొరికితే మొదటి రోజే వేపచెట్టు కొట్టి సిమెంటు పోస్తున్నాం, అందుకే చెప్తున్నాను.

తోటలో కుటీరాలు, భోజనశాల, బావులు, స్నానశాలలు, కోనేర్లు, నడిచే దారులు కట్టించాడు. ఎలా అప్పగించాలని అడిగితే, నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవాళ్లకూ ఇంకా రాబోయేవాళ్లకూ చెందేలా ఇమ్మన్నాడు బుద్ధుడు. ఆయన తన పేరున తీసుకోలేదు. వినయ నియమం ఇంకా గట్టిది. ఆరామం, దాని నేల, విహారం, ఆఖరికి అక్కడి తీగలు, వెదురు, గడ్డి, మట్టి కూడా ఎవరికీ ధారాదత్తం చేయకూడదు. సంఘమంతా కూడి ఇచ్చినా అది ఇచ్చినట్టు కాదు. భిక్ఖువులు చెట్టు నరకకూడదు, నేల తవ్వకూడదు, పచ్చిక మీదా నీళ్లలోనూ ఉమ్మకూడదు, మలమూత్రాలు విడవకూడదు. బంగారంతో కొన్న ఆ భూమిని తర్వాత బంగారంతో కూడా కొనలేకుండా చేశారన్నమాట. ఈ రోజు ట్రస్టు పేరుతో రిజిస్టరు చేసి పదేళ్లకు ప్లాట్లు కొట్టేవాళ్లు దీన్ని చదవాలి.

రాబోయేవాళ్లు ఎవరో కూడా చూడండి. అంగులిమాలుడు వచ్చాడు. బిడ్డల్ని పోగొట్టుకుని పిచ్చిదైపోయిన పటాచార వచ్చింది. ఆనందుడు నీళ్లడిగితే, తాను చండాల పిల్లనని వెనక్కి తగ్గిన ప్రకృతి కూడా అక్కడికే వచ్చి భిక్ఖుని అయింది. మహాడ్ చెరువు దాకా వెళ్లాల్సి వచ్చిన మనకు ఆ బావి దగ్గరి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బుద్ధుడు 19 వర్షావాసాలు జేతవనంలోనే గడిపాడంటారు.

ఆయన కలిమి నిలవలేదు. వర్తకులకిచ్చిన అప్పులు రాలేదు. అచిరవతి గట్టున పాతిపెట్టిన ధనాన్ని, గట్టు తెగి, నది పట్టుకుపోయింది. భిక్ఖువులకు నూకల అన్నం, పుల్లటి గంజి తప్ప పెట్టలేని రోజులొచ్చాయి. సిగ్గుపడుతూ ఆ మాట చెబితే, పెట్టేది ముతకదైనా సన్నదైనా గౌరవంగా తన చేత్తో పెట్టడమే ముఖ్యమని బుద్ధుడు బోధించాడు. ఇది దొరల దానం గురించిన కథ అనుకునేవాళ్లు మన అమరావతి గుర్తు తెచ్చుకోవాలి. అక్కడ పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానమిచ్చిన విధికుడు చర్మకారుడు. తన పనేమిటో రాతి మీద దాచకుండా రాయించాడు.

సుమారు 900 ఏళ్ల తర్వాత చైనా యాత్రికుడు ఫాహియాన్ వచ్చేసరికి కూడా అక్కడ తేటనీళ్ల కొలనులు, గుబురు చెట్లు ఉన్నాయి. తర్వాత తోట శిథిలమైంది. 1863లో కన్నింగ్‌హామ్ తవ్వకాలతో ఆ చోటు మళ్లీ వెలుగు చూసింది. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పుడు దాన్ని సహేత్ అంటారు.

అనాథపిండికుడు చివరి జబ్బులో మంచాన పడినప్పుడు సారిపుత్తుడు, ఆనందుడు చూడ్డానికి వచ్చారు. కంటినీ చెవినీ, రూపాన్నీ శబ్దాన్నీ, ఈ లోకాన్నీ పరలోకాన్నీ దేన్నీ పట్టుకుని వేలాడవద్దని సారిపుత్తుడు నిదానంగా బోధించాడు. వింటూ వింటూ ఆయన ఏడ్చేశాడు. ధైర్యం చెదిరిందా అని ఆనందుడు కంగారుగా అడిగాడు. అది కాదన్నాడు. ఇన్నేళ్లు బుద్ధుణ్ణీ భిక్ఖువుల్నీ సేవించినా ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదన్నాడు. తెల్లబట్టలు కట్టుకునే సంసారులకు ఇలాంటివి చెప్పరని, ఇల్లు విడిచినవాళ్లకే చెబుతారని వాళ్లు జవాబిచ్చారు. సంసారుల్లోనూ కంట్లో దుమ్ము కొంచెమే ఉన్నవాళ్లున్నారు, వినక నష్టపోతున్నారు, వాళ్లకూ చెప్పండని ఆయన సారిపుత్తుణ్ణి వేడుకున్నాడు. వాళ్లు వెళ్లిన కాసేపటికే కన్నుమూశాడు.