స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? జి.డి. నాయుడు, ఆయన రెండువేల రూపాయల కారు

మన వైపు స్పేర్ వీల్ అని ఎవరూ అనరు. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం పోయే జీపు డ్రైవరైనా, ఉరవకొండలో పంక్చర్ వేసే ఆయనైనా స్టెప్నీ అనే అంటారు. నిజానికి అది వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్లోని ఒక వీధి పేరు. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కనే టైరు ఊడదీసి అతుకేసుకోవాల్సిందే. 1904 ప్రాంతంలో ఆ ఊరి డేవీస్ అన్నదమ్ములు గాలి నింపిన టైరున్న ఒక ఉత్త రిమ్మును తయారుచేసి, పంక్చరైన చక్రం పక్కనే బిగించే ఏర్పాటు చేశారు. ఆ వీధి పేరే వస్తువు పేరై మన తుమ్మముళ్ల దాకా వచ్చేసింది!

చిన్న కారు గీసేవాడికి ఈ స్టెప్నీ ఒక తలనొప్పి, పెట్రోలు టాంకు ఇంకొకటి. ఇంజన్ కుదించొచ్చు, సీట్లు తగ్గించొచ్చు. చక్రాన్ని మడిచి జేబులో పెట్టుకోలేం కదా. ఈ లెక్కలతో ప్రపంచమంతా కుస్తీ పడుతున్న రోజుల్లో, 1952లో, మన భాష మాట్లాడే ఇంట్లో పుట్టిన ఒకాయన రెండు సీట్ల పెట్రోలు కారు చేసి, ధర 2,000 రూపాయలు అన్నారు. ఆయనే గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. కోయంబత్తూరులో జి.డి. నాయుడు అంటే తెలియనివాళ్లు ఉండరు. మన హాస్టల్లో అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. బడి చదువు చిన్న తరగతులతోనే సరి. 1912 ప్రాంతంలో ఒక తెల్లదొర రడ్జ్ మోటార్‌సైకిల్ మీద వెళ్తుంటే చూశారట. ఇక నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి, ఆ బండినే కొన్నారు. కొన్నాక ఎక్కి ఊరంతా తిరిగి ఉంటారనుకుంటాం. ఆయన దాన్ని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించారు. మన వర్క్‌షాప్ ల్యాబ్‌లో మూడు గంటల్లో చేయించేదానికి ఆయన తన మూడేళ్ల జీతం ఖర్చుపెట్టారన్నమాట.

1920లో స్టేన్స్ దొర దగ్గర సగం అప్పు తీసుకుని ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తనే నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1933 నాటికి 280 బస్సులు. ఈ బస్సుల కాలాన్ని ఊరికే దాటేయకూడదని నాకనిపిస్తుంది. బస్సు యజమానికి స్టెప్నీ అంటే డబ్బు. అది లేక బండి దారిలో నిలిచిపోతే ఆ ట్రిప్పు కలెక్షన్ పోయినట్టే. టాంకులో ఎంత పట్టాలి, ఎక్కడ నింపాలి అన్నదీ అంతే. టికెట్లిచ్చే యంత్రం కూడా ఆయన బస్సుల కోసమే చేసుకున్నారు. ప్రతి భాగానికీ ఖరీదు కట్టే అలవాటు ఆ రోడ్ల మీదే వచ్చి ఉండాలి.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీళమేడులో మన దేశపు తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. తర్వాత షేవింగ్ రేజరు, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం. అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇస్తానన్నారు. జాబితా ఇంకా పొడుగే, కానీ మన విషయం కారు.

ఆ నాటికి చిన్న కార్ల వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. ఇంగ్లండు ఆస్టిన్ సెవెన్‌లో మొదట టాంకు డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా, ఇంజన్ వెనకాల ఎత్తులో ఉండేది. పెట్రోలు తనంతట తనే కిందికి జారి కార్బురేటర్లోకి పోతుంది, పంపు ఖర్చు మిగులు. 1936 నాటి ఫియట్ తొపొలీనోదీ అదే పద్ధతి. కానీ పెట్రోలును మన ఒళ్లో పెట్టుకుని గుద్దుకోవడం ఎవరికి ఇష్టం? టాంకును వెనక్కి తోస్తే పంపు కావాలి, పైగా డిక్కీ తగ్గుతుంది. జర్మనీ బీటిల్‌లో ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి టాంకూ, స్టెప్నీ రెండూ ముందుకొచ్చాయి. తర్వాతి రోజుల్లో ఆ స్టెప్నీలోని గాలితోనే అద్దం కడిగే నీళ్లు చిమ్మించారు. నాకు బాగా నచ్చిన జుగాడ్ ఇది. 1959 మినీలో అయితే టాంకు డిక్కీలో ఎడమ పక్కన, స్టెప్నీ డిక్కీ నేల కింద. ఎక్కడ పెట్టినా ఇంకేదో వదులుకోవాల్సిందే. రెండే సీట్లు అనడంలోనే నాయుడు తను వదులుకునేదేమిటో తేల్చేసుకున్నారు.

కారు రోడ్డెక్కింది. తయారీకి మాత్రం లైసెన్సు రాలేదు. పరిశ్రమల నియంత్రణ చట్టం సరిగ్గా అదే 1952లో అమల్లోకి వచ్చింది. ఏ ఫ్యాక్టరీ పెట్టాలన్నా ఢిల్లీ ఒప్పుకోవాలి. ఒక్కటి మాత్రం చెప్పాలి. షెడ్డులో చేసిన ఒక్క బండి ఖరీదు వేరు, టైర్లూ ఉక్కూ బయట కొని వేలల్లో చేసే బండి ఖరీదు వేరు. 2,000 దగ్గరే నిలిచేదా అంటే నాకు అనుమానమే. మూడు వేలయ్యేదేమో, నాలుగయ్యేదేమో. ఆ లెక్క తేల్చాల్సింది మార్కెట్, ఫైలు కాదు. ఓడిపోయే అవకాశం కూడా ఆయనకు ఇవ్వలేదు.

పన్నులూ, లైసెన్సుల మీద కోపంతో ఆయన తన తయారీలనే జనం ముందు పగలగొట్టారు. అది సరైన పనేనా అని అప్పట్లోనే చాలామంది తప్పుబట్టారు. నాకూ మనసొప్పదు, కానీ ఆ కడుపుమంట అర్థమవుతుంది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది, నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అదే. దాని ప్రిన్సిపాల్ ఈ బడి మానేసిన నాయుడే! నాలుగేళ్ల కోర్సు దండగ, అంతకంటే చాలా తక్కువ కాలంలో నేర్పొచ్చని పట్టుబట్టారు. సర్కారు వినలేదు, ఆయన రాజీనామా చేసేశారు. సెమిస్టర్ ఫీజు కట్టేటప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

1974 జనవరి 4న పోయారు. సామాన్యుడికి అందే చిన్న కారుగా మారుతి 1983 డిసెంబరులో వచ్చింది. లక్ష రూపాయల నానో 2009లో అమ్మకానికి వచ్చేసరికి, పెట్రోలు పోయాలంటే ముందు బానెట్ ఎత్తాల్సి వచ్చేది, స్టెప్నీ కూడా అక్కడే. యాభై ఏడేళ్ల తర్వాత కూడా అదే కుస్తీ. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన కుటుంబం 2015లో పాత కార్ల మ్యూజియం తెరిచింది. ఇండస్ట్రియల్ టూర్‌కి అటు పోతే, ఒక్కో చిన్న కారు దగ్గరా ఆగి టాంకు ఎక్కడుందో, స్టెప్నీ ఎక్కడ దాచారో వెతకండి.