పడవకు మోటారు తగిలించినవాడు – ఓలే ఎవిన్‌రూడ్

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
1. పడవ వెనుక బిగించే మోటారు ఎలా వాడుకలోకి వచ్చిందో చెప్పగలుగుతారు.
2. దాని ముఖ్య భాగాలు చేసే పనిని వివరించగలుగుతారు.
3. ఆ భాగాలను మీ చేతులతో మీరే ఎలా కాపాడుకోవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

మీరు సముద్ర తీరంలో ఉండేవారయితే, పడవ వెనుక చెక్కకు బిగించిన మోటారును చూసే ఉంటారు. కేరళ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఎన్నో జాలరి కుటుంబాలకు ఈ మోటారే ఆధారం. ఒడ్డున అది మొరాయిస్తే ఆ రోజు వేట పోతుంది. ఒడ్డు కనిపించని చోట ఆగిపోతే ప్రాణాల మీదికే వస్తుంది. నడి సముద్రంలో మెకానిక్కు దొరకడు కదా! అందుకే నడిపేవారికే దాని బాగోగులు తెలిసి ఉండాలి. ఈ మోటారును జనంలోకి తెచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ కూడా యంత్రాలను తన చేతులతో విప్పి, బిగించి నేర్చుకున్నవాడే. ఆయన కథ తెలుసుకుందాం.

2. బాల్యం, చదువు

ఓలే 1877లో నార్వే దేశంలో జన్మించాడు. ఆయన పసితనంలోనే కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి, విస్కాన్సిన్ రాష్ట్రంలో రిప్లీ సరస్సు దగ్గర వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడింది. ఓలే చిన్న వయసులోనే బడి మానేశాడు. పడవలంటే, యంత్రాలంటే అతనికి ప్రాణం. 16 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి మాడిసన్ పట్టణం చేరి, వ్యవసాయ పనిముట్ల దుకాణంలో పనికి కుదిరాడు. పగలంతా పని, రాత్రి లెక్కలు, ఇంజనీరింగు పుస్తకాలు. మీరు ఇప్పుడు చేస్తున్నట్లే ఆయన కూడా సొంతంగా చదువుకున్నాడు.

తరవాత పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాల్లోనూ, చికాగోలోనూ పనిచేశాడు. 1900 ప్రాంతంలో మిల్వాకీ నగరం చేరి, లోహం పోత పోయడానికి కావలసిన చెక్క అచ్చులు చేసే పనిలో నిపుణుడనిపించుకున్నాడు. సొంత వ్యాపారం పెట్టి ఒకటి రెండుసార్లు దెబ్బ తిన్నాడు. అయినా నేర్చుకున్న పని చేతిలోనే ఉంది.

3. మోటారు పుట్టుక

1906 వేసవిలో ఓలే, ఆయన పెళ్ళాడబోయే బెస్ కేరీ, కొందరు మిత్రులతో కలిసి ఒకాచీ సరస్సుకు విహారానికి వెళ్ళారు. బెస్ ఐస్‌క్రీం అడిగింది. ఓలే మండే ఎండలో తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళి తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీం కరిగిపోయిందని చెబుతారు. తెడ్డు బదులు చిన్న ఇంజను ఉంటే ఎంత బాగుండును అన్న ఆలోచన ఆయనకు అప్పుడే కలిగిందట.

పడవ మోటారు కోసం ప్రయత్నించిన మొదటివాడు ఓలే కాదు. డెట్రాయిట్ నగరానికి చెందిన కామెరాన్ వాటర్‌మన్ అంతకుముందే అటువంటి మోటారును తయారుచేశాడు. అయితే మోటారును నమ్మకంగా పనిచేయించి, పెద్ద సంఖ్యలో జనానికి అందించినవాడు ఓలే. 1909లో ఆయన తయారుచేసిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్ పవర్. బరువు 62 పౌన్లు, అంటే సుమారు 28 కిలోలు. ధర 62 డాలర్లు. ఒక మిత్రుడు దానిని అరువు తీసుకెళ్ళి, పది మోటార్లకు ఆర్డర్లతో తిరిగి వచ్చాడు! 1911లో ఓలేకు పేటెంటు లభించింది.

కార్ఖానా పని ఓలేది. ఉత్తరాలు, లెక్కలు, ప్రకటనలు బెస్‌వి. ఆమె రాసిన ప్రకటనల వల్ల ఆర్డర్లు వెల్లువెత్తాయి. స్కాండినేవియా దేశాల జాలరులకు కూడా ఈ మోటార్లు ఎగుమతి అయ్యాయి.

4. మోటారు భాగాలు – మీరు చేయవలసిన పని

ఓలే మోటారులో పైన ఇంజను, మధ్యలో నిలువు ఇరుసు, అడుగున పళ్ళ చక్రాలు, వాటికి పంకా ఉండేవి. నేటి మోటార్ల అమరిక కూడా ఇదే. అందుచేత నిత్య సంరక్షణ కష్టమేమీ కాదు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీయండి. లేకపోతే పంకా తిప్పినప్పుడు ఇంజను రాజుకొని చేయి తెగవచ్చు.

నీరు: ఇంజను చల్లబడటానికి మోటారు బయటి నీటినే పీల్చుకుంటుంది. నడుస్తుండగా పక్కనుంచి సన్నని నీటిధార వస్తున్నదా, లేదా చూడండి. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. ఉప్పునీటి నుంచి వచ్చాక మంచినీటితో కాసేపు నడపండి. ఉప్పు పేరుకుంటే నీటి దారులు మూసుకుపోతాయి.

ప్లగ్గు: దీనిని విప్పి మసి తుడవండి. కేరళలో చాలామంది పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసిన్‌తో నడుపుతారు. అటువంటి ఇంజనులో మసి త్వరగా చేరుతుంది.

నూనె: రెండు స్ట్రోకుల ఇంజనులో చాలావాటికి ఇంధనంలోనే నూనె కలపాలి. పాళ్ళు తయారీదారు చెప్పినట్లే ఉండాలి. పళ్ళ చక్రాల పెట్టెలోని నూనె వేరు. అది పాలలా తెల్లబడితే లోపలికి నీరు చేరిందని అర్థం. పాత నూనె తీసేసి, కొత్తది కింది రంధ్రం నుంచి ఎక్కించండి. పై రంధ్రంలో నూనె కనిపించే వరకు ఎక్కిస్తే లోపలి గాలి బయటికి పోతుంది. నీరు చేరడానికి కారణమైన సీలును కూడా మార్పించండి.

పిన్ను: చాలా చిన్న మోటార్లలో పంకాను ఇరుసుకు కలిపేది ఒక మెత్తని పిన్ను. పంకా రాతికి తగిలితే ఆ పిన్ను తెగి, పళ్ళ చక్రాలను కాపాడుతుంది. దాని బదులు గట్టి మేకు పెట్టారంటే చక్రాలే విరిగిపోతాయి. పడవలో ఎప్పుడూ రెండు పిన్నులు అదనంగా ఉంచుకోండి.

5. మళ్ళీ మొదటినుంచి

బెస్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1914లో ఓలే తన వాటాను భాగస్వామికి అమ్మేశాడు. అయిదేళ్ళ వరకు ఈ వ్యాపారం చేయకూడదన్నది ఒప్పందం. తన పేరున్న మోటారు మీద ఆయనకు ఇక హక్కు లేదు! కాని చేతి విద్యను ఎవరూ కొనుక్కోలేరు కదా. ఆయన ఎక్కువగా అల్యూమినియం వాడి, రెండు సిలిండర్ల కొత్త మోటారు రూపొందించాడు. దాని శక్తి 3 హార్స్ పవర్, బరువు 48 పౌన్లే. అంటే శక్తి రెట్టింపయింది, బరువు తగ్గింది. పాత కంపెనీ వద్దంటే 1921లో ఎల్టో అనే పేరుతో తానే అమ్మకం మొదలుపెట్టాడు. 1929లో పాత, కొత్త కంపెనీలు కలిసిపోయాయి. ఓలే వాటికి అధ్యక్షుడయ్యాడు. 1933లో బెస్, 1934లో ఓలే మరణించారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్ళు.

ఆ వారసత్వంగా నడిచిన పెద్ద కంపెనీ 2000లో దివాలా తీసింది. మరొక కంపెనీ చేతికి వెళ్ళిన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అయినా యజమానులు శ్రద్ధగా చూసుకుంటున్న పాత మోటార్లు ఇంకా నీళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాయి. కంపెనీ పోయినా, యంత్రాన్ని ఎరిగిన చేయి ఉంటే యంత్రం బతుకుతుంది. ఓలే జీవితం నుంచి మీరు గ్రహించవలసింది ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఓలే పగలు పనిచేస్తూ ఏయే విషయాలు సొంతంగా నేర్చుకున్నాడు?
2. పక్కనుంచి వచ్చే నీటిధార ఆగిపోతే మీరు ఏం చేయాలి? ఎందుకు?
3. పిన్ను బదులు గట్టి మేకు ఎందుకు వాడకూడదు?
4. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఉన్న ఏదైనా ఒక యంత్రానికి నిత్యం చేయవలసిన పనుల పట్టిక తయారుచేయండి.