నిప్పులో ముందు నడిచిన నాయకుడు బ్రెయిడ్‌వుడ్

ఊళ్ళో గడ్డివాము అంటుకుంటే నీళ్ళ బిందెలతో పరుగెత్తేవారు పదిమందైతే, పెత్తనం చేసేవారు ఇరవైమంది. బాలాపూర్ పరిసర గ్రామాల వారికి ఇది కొత్త సంగతి కాదు. ఫైరింజన్ వచ్చాక కూడా తలొక మాట చెబుతుంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధికారి ఎవరి మాట వినాలి? సుమారు 200 ఏళ్ళ క్రిందట ఇదే చిక్కులో పడి, దానికి దారి చూపిన వ్యక్తి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్.

ఆయన 1800లో స్కాట్లండ్‌లోని ఎడింబరో నగరంలో జన్మించారు. ఇళ్ళ కట్టడపు పని క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఆ రోజుల్లో బీమా కంపెనీలు మంటలార్పడానికి ఎవరి మనుషులను వారే పెట్టుకునేవి. 1824లో నగరానికంతటికీ ఒకే దళం ఏర్పాటు చేసి, 24 ఏళ్ళ బ్రెయిడ్‌వుడ్‌ను అధిపతిగా నియమించారు.

కొద్ది వారాలకే, నవంబరు 15 రాత్రి, నగరం అంటుకుంది. ఇరుకు సందుల్లో యంత్రాలు కదలలేదు. మేజిస్ట్రేట్లు, పోలీసులు, బీమా కంపెనీల వారు తలొక ఉత్తరువు ఇచ్చారు. దళానికి ఇంకా తర్ఫీదు కూడా పూర్తి కాలేదు. రోజుల తరబడి మంటలు చెలరేగి సుమారు 400 ఇళ్ళు బూడిదయ్యాయి. నింద యువ అధికారిపై పడబోయింది. అయితే విచారణలో అసలు లోపం బయటపడింది. ఇకపై ప్రమాద స్థలంలో దళాధిపతి మాటే చెల్లాలని నిర్ణయం జరిగింది.

అధికారం చేతికి వచ్చినంత మాత్రాన మనుషులు వెంట నడవరని బ్రెయిడ్‌వుడ్ గ్రహించారు. ఇంటి కప్పులు నేసేవారిని, వడ్రంగులను, తాపీ పనివారిని, కమ్మరులను ఏరి దళంలో చేర్చుకున్నారు. కప్పు ఎక్కడం ఒకరికి అలవాటు. ఏ గోడ నిలుస్తుందో, ఏది కూలుతుందో మరొకరికి తెలుసు. వారానికొకసారి తెల్లవారుజామున 4 గంటలకు కవాతు జరిపేవారు. ఆ వేళ వీధులు ఖాళీగా ఉంటాయి, చీకటిలో పని చేయడమూ అలవాటవుతుంది. పొగ మీద కాక నేరుగా మంట మీదే నీళ్ళు కొట్టాలని, పొగ నిండిన గదిలో నేలకు వంగి వెళ్ళాలని, ఒంటరిగా ఎవరూ లోపలికి పోరాదని నేర్పారు. మండుతున్న దుకాణంలో తుపాకిమందు పీపాలున్నాయని తెలిసినప్పుడు ఇతరులను పంపక తామే వెళ్ళి బయటికి తెచ్చారు.

1830లో తమ అనుభవాన్ని పుస్తకంగా వ్రాశారు. 1833లో లండన్‌లో బీమా కంపెనీలు కలిసి నెలకొల్పిన దళానికి అధిపతి అయ్యారు. అక్కడ రేయింబవళ్ళు క్రమశిక్షణకు అలవాటు పడిన నావికులను ఎక్కువగా తీసుకున్నారు.

1861 జూన్ 22న థేమ్స్ నది ఒడ్డున టూలీ వీధిలో నార, పత్తి, పంచదార నిలవచేసిన గిడ్డంగులు అంటుకున్నాయి. వేడికి సొమ్మసిల్లుతున్న సిబ్బంది దగ్గరకు వెళ్ళి బ్రెయిడ్‌వుడ్ స్వయంగా బ్రాందీ పంచుతుండగా గోడ కూలింది. ఆయన అక్కడికక్కడే మరణించారు. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. అంతిమయాత్ర మైలున్నర పొడవున సాగింది. ఈ ప్రమాదంతో బీమా కంపెనీలు చేతులెత్తేయగా, 1866లో లండన్ అగ్నిమాపక దళం ప్రజల ఖర్చుతో నడిచే సంస్థ అయింది.

మన జిల్లా వట్టినాగులపల్లిలో తర్ఫీదు పొందే కొత్త అధికారులకైనా, 101కి ఫోన్ చేసి ఎదురుచూసే గ్రామస్థులకైనా ఆయన జీవితం చెప్పేది ఒక్కటే. మంట దగ్గర మాట ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరు అందరికంటే ముందు ఆ పని నేర్చి ఉండాలి.