గ్రేస్ హాపర్: యంత్రానికి మాట నేర్పిన మేధావి

మా బత్తాయి తోటకు బోరు మోటారే ప్రాణం. అందులో ఏ తీగ చుట్టారో మా నాయన ఎన్నడూ అడగలేదు. నీళ్లు పోస్తున్నదా, లేదా? అదే ఆయన లెక్క. మరి కంప్యూటర్ ప్రోగ్రామును ఏ భాషలో రాశారన్నది దాన్ని వాడుకునేవానికి పట్టాలా? ఈ ప్రశ్నకు గ్రేస్ హాపర్ జీవితంలో జవాబు దొరుకుతుంది.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్కులో జన్మించింది. చిన్నప్పుడు ఎట్లా నడుస్తాయో చూద్దామని ఇంట్లోని ఏడు అలారం గడియారాలు విప్పేసిందట! వాసర్ కళాశాలలో పాఠాలు చెబుతూనే 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, 1944లో హార్వర్డులోని మార్క్-1 యంత్రం దగ్గరికి చేరుకుంది.

ఆనాడు యంత్రానికి ఏ పని చెప్పాలన్నా అంకెల్లోనే చెప్పాలి. జీతాల లెక్కలు చూసే గుమాస్తాకు అవేం అర్థమవుతాయి? యంత్రమే మనిషి మాట తెలుసుకోవాలని హాపర్ పట్టుబట్టింది. 1952లో తొలి కంపైలర్లలో ఒకటైన ఏ-0ను, తర్వాత ఇంగ్లీషు మాటలతో నడిచే ఫ్లో-మేటిక్‌ను రూపొందించింది. ఫ్రెంచి, జర్మను మాటలతోనూ ప్రోగ్రాము నడుస్తుందని చూపిస్తే పై అధికారులు బెదిరిపోయారు. యంత్రానికి ఏ భాషైనా గుర్తులేనన్న సంగతి వాళ్లకు ఎక్కలేదు. చివరికి ఇంగ్లీషుకే పరిమితం కావలసి వచ్చింది.

ఫ్లో-మేటిక్ పునాదిగా 1959లో కోబాల్ భాష రూపకల్పన మొదలైంది. హాపర్ దానికి సలహాదారు. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును దాదాపు మార్పు లేకుండా రెండు కంపెనీల యంత్రాల మీద నడిపి చూపారు. యంత్రం మారినా పని ఆగదని రుజువైంది. ఆమె 1986లో 79 ఏళ్ల వయసున రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేసి, 1992 జనవరి 1న కన్నుమూసింది.

కోబాల్ మాత్రం బతికే ఉంది. ఏడాదిని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000లో తికమకపడతాయన్న భయం పుట్టినప్పుడు, హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చిన మన పిల్లలు ఎందరో అమెరికా వెళ్లారు. 2020లో కరోనా వేళ నిరుద్యోగ భృతి దరఖాస్తులు కుప్పపడితే, న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని కోరాడు. ఆ దరఖాస్తుదారుల్లో ఎందరికి ఆ భాష పేరు తెలిసి ఉంటుంది?

పోయిన ఎండాకాలం మా మోటారు కాలింది. వైండింగు చేసే మనిషి దొరికే దాకా నాలుగు రోజులు తోట వడలిపోయింది. ప్రోగ్రాము భాషా అంతే. నడిచినన్నాళ్లు వాడుకునేవానికి కనపడదు, కనపడనక్కర లేదు. బాగుచేసేవాడు కరువైననాడు మాత్రం నష్టం వాడుకునేవానిదే. కాబట్టి మిత్రులారా, కొత్త భాషలు తప్పక నేర్చుకుందాం. పాతదని దేన్నీ చిన్నచూపు చూడొద్దు.