దామెర్ల రామారావుగారి చిత్రకళా విద్య

పలాసలో, టెక్కలిలో, ఉద్దానపు తీరగ్రామములలో పండ్రెండవ తరగతి ముగించిన బిడ్డలు కళాశాలలో బొమ్మల చదువు చదివెదమనగానే పెద్దలు దిగులుపడుచుండుట మే మెరుగుదుము. వైద్యము చదివిన కూడు దొరకును, యంత్రశాస్త్రము చదివిన దొరకును. కుంచె పట్టిన నేమి దొరకునని వారి ప్రశ్న. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చెంతనే తీరము దాటి, తరతరములుగ పెంచిన కొబ్బరితోటలను, జీడితోటలను ఒక్క రాత్రిలో నేలగూల్చిన సీమ యిది. ఇట్టిచోట నాలుగేండ్ల చదువునకు ధనము వెచ్చించుట తల్లిదండ్రులకు చిన్న మాట కాదు. వారి ముందర దామెర్ల రామారావుగారి జీవితము నుంచ దలచితిమి.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బడిచదువులయందు మనసు నిలువక, కనబడిన కాగితముపై నెల్ల గీతలు గీయుచుండిన బాలుడు. అట్టి బాలురు ప్రతి యూరను గలరు. వారిలో పెక్కురికి బెత్తపుదెబ్బలే బహుమానము. రామారావుగారి అదృష్టమేమనగా, ఆ యూరి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రిన్సిపాలుగా నుండుట. ఆయన తానును చిత్రకారుడు, కవి. పాలకజాతివాడైనను మన శిల్పముపై, మన చిత్రముపై ఆయనకు గల గౌరవము ఆనాటి మన విద్యావంతులలో ననేకులకు లేకపోయెను. ఈ మాట వ్రాయుట మాకు సంతోషము గాదు గాని సత్యము సత్యమే. అడివి బాపిరాజుగారును ఆ దొర శిష్యులే. కూల్డ్రే రామారావుగారిని చేరదీసి, అజంతా గుహల చిత్రములను చూపి, 1916లో బొంబాయిలోని సర్ జె.జె. చిత్రకళాశాలకు పంపెను. ఆ చదువునకు ధనసహాయము కూడ ఆయనదే.

ఆనాడు తెలుగు బాలుడు చిత్రకళను శాస్త్రీయముగ నేర్వదలచిన చెన్నపట్టణమునకో, బొంబాయికో పోవలసియుండెను. చెన్నపట్టణపు కళాశాల 1850లో, బొంబాయిది 1857లో పుట్టినవి. రామారావుగారి చిత్రములు చూచిన బొంబాయి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ వారిని నేరుగ పై తరగతిలో చేర్చుకొనిరని ప్రతీతి. అచ్చటి బోధన ఐరోపా పద్ధతి. దేహనిర్మాణము, వెలుగునీడలు, దూరపు వస్తువు చిన్నదిగ కనబడు క్రమము, తైలవర్ణముల వాడుక, ఇవన్నియు నియమముతో నేర్వవలసినవి. స్వదేశాభిమానులు కొందరు ఈ విద్యను పరాయిదని నిరసించిరి. మేమట్లు తలపము. గీత యెచ్చట నేర్చినను, ఆ గీతతో నెవరిని గీసినారన్నదే విచారింపవలసినది. రామారావుగారు గీసినది గోదావరి తీరమును, తెలుగు స్త్రీలను, మన పురాణపురుషులను, మన యిండ్ల పండుగలను. కార్తిక పౌర్ణమి, పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము చూచినవారికి ఐరోపా నేర్పిన యొడుపును, అజంతా నేర్పిన రేఖయు వేరువేరుగ కనబడవు. వంగదేశపు చిత్రకారుల పొగమంచు వంటి రంగుల నాయన యనుకరింపలేదు.

1920లో చదువు ముగిసెను. బొంబాయిలో నిలిచియుండిన ధనవంతుల రూపచిత్రములు వ్రాసి సుఖముగ బ్రదుకగలిగెడివారే. అట్లుగాక సొంత యూరికి వచ్చి, 1922లో చిత్రకళా పాఠశాల నారంభించిరి. వరదా వెంకటరత్నముగారు వారికి సహచరులు. భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రకళ నభ్యసించిరి. ఆ కాలమున గృహిణి చేతికి కుంచె నిచ్చుట సామాన్యమగు సాహసము కాదు. 1924లో ఇంగ్లండునందు వెంబ్లీ ప్రదర్శనమునకు రామారావుగారి చిత్రములు వెళ్లినవి.

మరుసటి యేడు మశూచికము సోకినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన, ఇరువదియెనిమిదేండ్లైన నిండక మునుపే, ఆయన కన్ను మూసిరి. కళాశాల విడిచి యైదేండ్లైన కాలేదు.

ఇక పెద్దల ప్రశ్నకు వత్తము. రామారావుగారు ధనికులై చనిపోయిరని మేము చెప్పజాలము. కాని ఆనాటి బాలునకు లేని దారులు నేటివారికి గలవు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో లలితకళల శాఖ యున్నది. 2015లో ఆంధ్రప్రదేశమున నారంభమైన జాతీయ డిజైను సంస్థలో కమ్యూనికేషన్ డిజైను బోధింపబడుచున్నది. అక్షరమును, బొమ్మను, రంగును కూర్చి పదిమందికి విషయము తెలుపు విద్య యది. పలాస జీడిపప్పు పొట్లముపై నుండు బొమ్మ మొదలు ఆసుపత్రి గోడపై రోగికి దారిచూపు గుర్తు వరకు ఎవరో ఒకరు గీయవలసినవే. వారికి కూలియు గలదు. మందస, మెళియాపుట్టి కొండలలోని సవరలు తమ యింటిగోడలపై వ్రాయు చిత్రములు చూచి పెరిగిన బిడ్డకు ఈ విద్య క్రొత్తది కూడ గాదు.

రామారావుగారి చిత్రములను సత్యవాణిగారును వెంకటరత్నముగారును చెదరనీయక కాపాడిరి. తరువాత అవి ప్రభుత్వ రక్షణలోనికి వచ్చి, వారి పేరిటి చిత్రశాలగా రాజమహేంద్రవరముననే యున్నవి. పలాసలో చెన్నపట్టణపు రైలెక్కినవారు దారిలోనే అచ్చట దిగవచ్చును. గోడలపైని పెద్ద చిత్రములతో తృప్తిపడక, పెన్సిలుతో గీసిన చిత్తురేఖలను కూడ బిడ్డలకు చూపవలసినదని తల్లిదండ్రులను కోరుచున్నాము.